యాస వినండి, మావోరి పలకండి: న్యూజిలాండ్ వెళ్ళిన తెలుగువాళ్ళకు ఒక దారి

"యా, నా."

ఆక్లాండ్‌లో ఉద్యోగంలో చేరిన రెండో వారంలో, "శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని ఈ పని చూద్దామా?" అని పక్క సీటాయన్ని అడిగితే వచ్చిన జవాబు ఇది. ముందు "యా" అన్నాడు కదా అని రూమ్ బుక్ చేశాను. శుక్రవారం అరగంట సేపు ఆ రూమ్‌లో ఒక్కణ్ణే కూర్చున్నాను. ఆయన తప్పేం లేదు. వద్దని మర్యాదగానే చెప్పాడు, నాకే సగం వినిపించింది.

అక్కడి మాటల్లో రెండు పాయలు కలిసి పారుతుంటాయి. ఒకటి కివీల (న్యూజిలాండ్‌వాళ్ళ) ఇంగ్లీషు యాస, రెండోది ఆ నేల సొంత భాష మావోరి. కొత్తగా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది వీటిని తలకిందులుగా పట్టుకుంటారు. విమానం దిగిన వారానికే "బ్రో", "చూర్" మొదలుపెడతారు. మావోరి మాటలు మాత్రం కష్టమని వదిలేస్తారు. నేను చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. యాసను ముందు వినడం నేర్చుకోండి, వాడటానికి తొందరపడకండి. మావోరిని మాత్రం మొదటి రోజు నుంచే పలకండి, ఎందుకంటే మన నోటికి అది ఇంగ్లీషు కన్నా తేలిక.

1. ముందు చెవిని సిద్ధం చేసుకోండి

కివీల ఇంగ్లీషులో అచ్చులు కాస్త పక్కకు జరిగి ఉంటాయి. మనం "ఎ" అనుకునే చోట వాళ్ళది "ఇ"లా వినిపిస్తుంది. పెన్ను పిన్ను అవుతుంది, డెస్క్ డిస్క్ అవుతుంది, బెన్ అనే మనిషి బిన్ అయిపోతాడు. "ఇ" ఉండాల్సిన చోట "అ" లాంటిది వస్తుంది. ఫిష్ అండ్ చిప్స్ "ఫష్ అండ్ చప్స్", సిక్స్ "సక్స్". బీర్, బేర్ చాలామంది నోట ఒకేలా ఉంటాయి. చెయిర్, చీర్ కూడా అంతే. హోటల్ కౌంటర్‌లో "చికిన్" అని వినిపిస్తే అది కోడి కాదు, చెక్ ఇన్.

ఫోన్‌లో అయితే ఇంకా టెన్షన్. అంకెలు, పేర్లు వచ్చినప్పుడు సిగ్గుపడకుండా తిరిగి చెప్పండి, లేదా మెసేజ్ పెట్టమనండి. ఎవరూ ఏమీ అనుకోరు. రోజుకో పది నిమిషాలు రేడియో న్యూజిలాండ్ వార్తలు వినండి. అందులో మావోరి పలకరింపులు కూడా చెవిన పడతాయి కాబట్టి ఒకే దెబ్బకు రెండు పనులు.

ఇంకొకటి, వాక్యం చివర చిన్నగా "ఏ" అంటారు. "ఈరోజు చలిగా ఉంది, ఏ." ఇది మన "కదా". పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరగక్కర్లేదు.

2. అవునో కాదో తేల్చుకోండి

"యా, నా" అంటే కాదు. "నా, యా" అంటే అవును. "యా, నా, యా" కూడా వింటారు. ఎన్ని ఉన్నా చివరిదే లెక్క అని పెట్టుకుంటే దాదాపు ఎప్పుడూ తప్పదు. మొదటి "యా" అంటే "నువ్వు చెప్పింది విన్నాను" అని మాత్రమే. మనం "ఆఁ ఆఁ, చూద్దాం లెండి" అని తప్పుకోవడం లాంటిదే.

వాళ్ళు దేన్నీ ఉన్నదున్నట్టు చెప్పరు, తగ్గించి చెబుతారు. "నాట్ బ్యాడ్" అంటే బాగుందని. ఆరు నెలలు కష్టపడి చేసిన పనికి మా మేనేజర్ "నాట్ టూ బ్యాడ్" అంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెచ్చుకున్నారని తర్వాత ఎవరో చెప్పారు. "షీల్ బి రైట్" అంటే "ఏం కాదులే". స్నేహితులంటే హాయిగా ఉంటుంది, ఇంటి పైకప్పు కారుతుంటే చూడటానికి వచ్చినవాడు అంటే ఇంకోసారి అడగండి.

"స్వీట్ యాజ్" అంటే సరే, బాగుంది. దేనిలా తియ్యగా అని వెతక్కండి, వాక్యం అక్కడితో అయిపోయింది. "కోల్డ్ యాజ్", "ఈజీ యాజ్" కూడా అంతే. అన్నట్టు, మీరు అనాల్సి వస్తే చివర "జ్" గట్టిగా పలకండి. "స్" అంటే బూతు అవుతుంది. "చూర్" అంటే థ్యాంక్స్, సరే, భలే, సందర్భాన్ని బట్టి ఏదైనా. "బ్రో", "కజ్" లాంటివి అవతలివాళ్ళు మిమ్మల్ని అలా పిలిచిన తర్వాతే అనండి. మనూళ్ళో కూడా పరిచయమైన మొదటి రోజే ఎవరైనా "ఏరా బావా" అంటే ఎలా ఉంటుంది?

3. పిలుపులోని మాటల్ని జాగ్రత్తగా చదవండి

పార్టీకి పిలిచి "బ్రింగ్ ఎ ప్లేట్" అంటారు. ఈ ఒక్క మాట దగ్గర ఎన్ని దేశాలవాళ్ళు పప్పులో కాలేశారో లెక్క లేదు. మా ఇంట్లో కూడా రెండు స్టీలు ప్లేట్లు తళతళా తోమి సంచిలో పెట్టుకుని వెళ్ళాం. వాళ్ళు అడిగింది ఖాళీ ప్లేటు కాదు, పదిమందీ పంచుకునేలా ఏదైనా వండి తెమ్మని. పులిహోర దీనికి బ్రహ్మాండంగా సరిపోతుంది. చల్లారినా బాగుంటుంది, ఎక్కువమందికి వస్తుంది, మాంసం తిననివాళ్ళకూ పనికొస్తుంది. కాకపోతే పల్లీలు వేశామని ముందే చెప్పండి. పల్లీ పడనివాళ్ళు ఉంటారు, పిల్లలుంటే మరీ జాగ్రత్త. గారెలు, మసాలా వడలు చేస్తే కారం సగానికి తగ్గించండి.

"టీకి రండి" అంటే ఇంకో చిక్కు. చాలా ఇళ్ళలో టీ అంటే రాత్రి భోజనం. మనం ఇంట్లో శుభ్రంగా తినేసి, ఒక కప్పు టీ తాగి వద్దామని వెళ్తాం. అక్కడ మూడు రకాల కూరలు చేసి ఎదురు చూస్తుంటారు. ఎన్ని గంటలకో అడగండి. సాయంత్రం ఆరు తర్వాత అంటే ఖాళీ కడుపుతోనే వెళ్ళాలి.

"ఐల్ షౌట్" అంటే అరుస్తానని కాదు, డబ్బులు నేను ఇస్తానని. "క్రుక్" అంటే ఒంట్లో బాగాలేదు. "స్మోకో" అంటే పని మధ్యలో టీ విరామం, సిగరెట్టు తాగకపోయినా వెళ్ళవచ్చు. డెయిరీ అంటే పాల కేంద్రం కాదు, వీధి చివరి కిరాణా కొట్టు. చాలా చోట్ల గల్లా దగ్గర గుజరాతీ కుటుంబమే కనిపిస్తుంది. అక్కడ పాలు కూడా దొరుకుతాయి, అది వేరే విషయం. "చిల్లీ బిన్" మిరపకాయల డబ్బా కాదు, పిక్నిక్‌కి తీసుకెళ్ళే ఐస్ పెట్టె. "జాండల్స్" అంటే మన హవాయి చెప్పులు. బడి నుంచి "టాగ్స్ పంపండి" అని వస్తే ఈత బట్టలు పంపాలి. "బ్యాచ్" అంటే మన కుర్రాళ్ళ బ్యాచ్ కాదు, సముద్రం ఒడ్డునో సరస్సు పక్కనో సెలవులకు ఉండే చిన్న ఇల్లు. దక్షిణ దీవిలో ఒటాగో, సౌత్‌లాండ్ వైపు దాన్నే "క్రిబ్" అంటారు. మారుమూల ప్రాంతమైతే "వాప్ వాప్స్".

"మంటెడ్" అంటే పూర్తిగా పాడైపోయింది. 2011 ఫిబ్రవరి 22న క్రైస్ట్‌చర్చ్ భూకంపం తర్వాత ఈ మాట అందరి నోటా నానింది. ఇళ్ళ గురించి, రోడ్ల గురించి అన్న మాట అది, కాబట్టి ఆ ఊళ్ళో సరదాకి వాడేటప్పుడు ఎదుటివాళ్ళెవరో చూసుకోండి. నాకు బాగా నచ్చింది "ప్యాక్ ఎ సాడ్". అంటే అలిగి కూర్చోవడం. అలకకు ఇంగ్లీషులో సరైన మాట లేదని తెలుగు మాస్టారు చెప్పేవారు. ఆయన న్యూజిలాండ్ వెళ్ళలేదు మరి.

4. మావోరిని తెలుగు అక్షరాల్లో రాసుకోండి

ఇక్కడి నుంచి మీకు చెవి కన్నా నోటితో పని. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. మీ వీధి, మీ ఊరు, పిల్లల బడి, ఆఫీసులో గదుల పేర్లు అన్నీ తెలుగులో రాయండి. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి చదివితే నోరు తిరగదు. తెలుగులో రాస్తే మాట దానంతటదే సరిగ్గా కుదురుతుంది. కారణం ఉంది.

మావోరిలో అచ్చులు ఐదు: అ, ఎ, ఇ, ఒ, ఉ. ప్రతిదానికీ దీర్ఘం ఉంది. ఎ, ఏ వేరు, ఒ, ఓ వేరు. హిందీవాళ్ళకు కూడా లేని ఈ తేడా మనకు అక్షరమాలలోనే ఉంది. వాళ్ళు దీర్ఘానికి అచ్చు మీద చిన్న గీత పెడతారు, దాని పేరు తొహుతో. ఆ గీత అలంకారం కాదు. కెకె అంటే కేకు, కేకే అంటే చంక. పుట్టినరోజు నాడు తేడా తెలియాలి! పలు, పాలు ఒకటి కావని పలక మీద దిద్దుకున్నవాళ్ళకు ఇది కొత్త పాఠం కాదు. పైగా ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది, మన అజంత భాష లాగే.

హల్లులు పది: హ, క, మ, న, ప, ర, త, వ, వీటితో పాటు రెండు ప్రత్యేకమైనవి. ఒత్తులు లేవు, ఖ, థ లాంటివి లేవు. "త" ఇంగ్లీషు ట కన్నా మన తకు దగ్గర. "ర" అచ్చంగా మన ర. ఆ ప్రత్యేకమైన రెండింటిలో ఒకటి ఇంగ్లీషులో డబ్ల్యూ, హెచ్ కలిపి రాసేది. ఎక్కువ ప్రాంతాల్లో దాన్ని "ఫ" అనాలి, పెదాలు మూసి విడిచే ఫ కాదు, ఫ్యాన్‌లో ఉండే ఫ. రెండోది "ఙ". కఖగఘ తర్వాత వల్లె వేసి, ఆ తర్వాత జన్మలో విడిగా రాయని ఆ అక్షరం ఇన్నేళ్ళకు పనికొచ్చింది. "అంగ" అనేటప్పుడు గ రాకముందు ముక్కులో ఆగే శబ్దమే అది. గ చేర్చకండి.

ఇప్పుడు గట్టిగా చదవండి: తౌరఙ, ఒనెహుఙ, రొతొరుఅ, ఫఙారెఇ, ఓతాహుహు, పపతొఎతొఎ, ఫకతానె. మనవాళ్ళు ఎక్కువగా ఉండే పపతొఎతొఎని "పాపటోయ్‌టోయ్" అనేవాళ్ళు కోకొల్లలు. మీరు సరిగ్గా అనండి. ఆక్లాండ్‌కి మావోరి పేరు తామకి మకౌరౌ, క్రైస్ట్‌చర్చ్‌కి ఓతౌతహి, దేశానికి అఒతెఅరొఅ. మావోరి అని నేను అలవాటు కొద్దీ రాస్తున్నాను కానీ అసలు పలుకు మాఒరి. బహువచనమైనా చివర "స్" చేర్చరు.

"ఫక" అని మొదలయ్యే ఊళ్ళు, మాటలు చాలా ఉన్నాయి. కొత్తవాళ్ళు కిసుక్కున నవ్వుతారు. మీరు నవ్వకండి. ఫకపప అంటే వంశవృక్షం, వాళ్ళకు అంతకన్నా గొప్ప మాట లేదు.

ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయి. దక్షిణ దీవిలో ఙాఇ తహు తెగవారి యాసలో చాలాచోట్ల ఙ బదులు క వస్తుంది. అందుకే అక్కడి ఎత్తైన కొండ అఒరఙి కాదు, అఒరకి. ఎవరైనా సరిదిద్దితే వాదించకుండా వాళ్ళ ఊరి పద్ధతే రాసుకోండి.

5. పలకరింపులు, వీడ్కోళ్ళు వాడటం మొదలుపెట్టండి

"కియ ఒర" ఒక్కటి వస్తే సగం పని అయినట్టే. బాగుండు, ప్రాణంతో ఉండు అని దాని అర్థం. హలోకి, థ్యాంక్స్‌కి, ఎవరైనా మంచి మాట అంటే "బాగా చెప్పారు" అనడానికి కూడా అదే. వేగంగా అంటే "కియొర" అవుతుంది. ఈ మాట ఊరికే రాలేదు. 1984లో ఆక్లాండ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే నైడా గ్లావిష్ ఫోన్ ఎత్తి "కియ ఒర" అనేవారు. అలా అనొద్దని పైఅధికారి చెప్పారు. ఆమె మానలేదు. గొడవ దేశమంతా పాకి, చివరికి ప్రధానమంత్రి రాబర్ట్ మల్డూన్ దాకా వెళ్ళింది. ఆమె తన పనికి తిరిగి వచ్చారు, మాట నిలబడింది. అంతకు ముందు బడిలో మావోరి మాట్లాడినందుకు దెబ్బలు తిన్న తరాలున్నాయి. 1972 సెప్టెంబరు 14న బళ్ళలో మావోరి నేర్పాలని 30,000 మందికి పైగా సంతకాలతో పార్లమెంటుకు అర్జీ ఇచ్చారు. మావోరికి అధికార భాష హోదా 1987లో వచ్చింది. అందుకే ఒక పేరు సరిగ్గా పలికితే అంత సంతోషిస్తారు.

కాస్త మర్యాదగా పలకరించాలంటే ఒక్కరికి "తేనా కొఎ", ఇద్దరికి "తేనా కోరుఅ", ముగ్గురు, అంతకన్నా ఎక్కువమందికి "తేనా కొఉతొఉ". పొద్దున "మోరెన". రాత్రి "పో మారిఎ", అంటే శుభరాత్రి. ఇందులో "పో" అంటే రాత్రి, పొమ్మని కాదు.

వీడ్కోలు దగ్గర మనకు ఇంకా సులువు. వెళ్ళేవాళ్ళతో ఉండేవాళ్ళు "హఎరె రా" అంటారు. ఉండేవాళ్ళతో వెళ్ళేవాళ్ళు "ఎ నొహొ రా" అంటారు. ఇంగ్లీషువాళ్ళు ఏది ఎవరనాలో తెలియక తికమకపడతారు. మనకు "వెళ్ళి రండి" అనేవారు వేరు, "వెళ్ళొస్తాను" అనేవారు వేరు. హఎరె రా చివర ఉన్న రాని మన "వెళ్ళి రా"లోని రా అనుకోండి, ఎప్పటికీ మర్చిపోరు. రెండింటికీ చుట్టరికం లేదు, గుర్తుకి పనికొస్తుంది. "కొంచెం ఆగు"కి "తైహొఅ", "క్షమించు"కి "అరొహ మై", "శభాష్"కి "క పై". ఈమెయిల్ చివర "ఙా మిహి" అని పెడితే నమస్కారాలతో అన్నట్టు.

ఇంకో గమ్మత్తు. ఇంగ్లీషులో "వి" అంటే మనమా, మేమా తెలియదు. మావోరిలో తెలుస్తుంది. "తాతొఉ" అంటే వింటున్నవారితో కలిపి మనం, "మాతొఉ" అంటే వారు కాక మేము. సభలో వక్త చివరికి "తేనా తాతొఉ కతొఅ" అన్నాడంటే "మనందరికీ" అని. అందులో మీరూ ఉన్నారు.

6. బడి, ఇల్లు, ఆఫీసు మాటలు పట్టుకోండి

బడి నుంచి వచ్చే ఉత్తరం మొదటిసారి చూసి నేను ఉలిక్కిపడ్డాను. "తమరికి" అని ఉంది. ఇంత మర్యాదా అనుకున్నాను. తమరికి అంటే మావోరిలో పిల్లలు. ఫానౌ అంటే కుటుంబం, చుట్టాలందరితో కలిపి. కుర అంటే బడి, మన కూర కాదు. హుఇ సమావేశం, మహి పని, కై తిండి, పుకు బొజ్జ, ఫరెపకు మరుగుదొడ్డి (ఇది మొదటి రోజే నేర్చుకోండి). ఇక అంటే చేప. మన అంటే గౌరవం, పరపతి. "ఆవిడకు మన ఉంది" అంటే మాటకు విలువ ఉన్న మనిషని.

న్యూజిలాండ్‌లో పెద్ద ఆఫీసర్‌ని కూడా పేరు పెట్టి పిలుస్తారు. సర్, మేడమ్ అలవాటైన మనకు కొన్నాళ్ళు నోరు రాదు. కానీ చాలా బళ్ళలో మావోరి టీచర్లను మతుఅ, ఫఎఅ అంటారు. బాబాయి, పిన్ని లాంటి పిలుపులు. మా అమ్మాయికి ఇవి ఒక్క రోజులో వచ్చేశాయి.

7. మరఎకి పిలిస్తే వెళ్ళండి

మరఎ అంటే మావోరి తెగవారి సభాస్థలి. ఆఫీసువాళ్ళో, పిల్లల బడివాళ్ళో ఎప్పుడో ఒకసారి తీసుకెళ్తారు. గుంపుతో కలిసి గేటు బయట ఆగండి. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలిచాకే కదలాలి. సభా మందిరంలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి. మాట్లాడుతున్నవారి ముందు నుంచి నడవకూడదు. తర్వాత వరసలో వచ్చి ముక్కుకు ముక్కు, నుదురుకు నుదురు మెల్లగా ఆనిస్తారు, దాన్ని హొఙి అంటారు. కంగారుపడి తల వెనక్కి లాక్కోకండి. ఊపిరి పంచుకోవడం అది. గుంపు తరఫున ఇచ్చే కానుక కొహ, మన చదివింపుల కవరు అనుకోండి.

అక్కడి నిషేధాల్లో సగం మన అమ్మమ్మలు చెప్పినవే. దిండు మీద కూర్చోకూడదు, తల పవిత్రం. మనుషుల కాళ్ళు దాటి వెళ్ళకూడదు. భోజనం బల్ల మీద కూర్చోకూడదు. ప్రార్థన అయ్యేదాకా తినకూడదు. ఇంగ్లీషువాళ్ళకు వీటన్నిటికీ కాగితం మీద రాసి ఇవ్వాలి, మనకు ఒక్కసారి చెబితే చాలు.

పరిచయం చేసుకోమన్నప్పుడు వాళ్ళు ముందు కొండ, నది, పడవ, తెగ చెప్పి చివర పేరు చెబుతారు. దీన్ని పెపెహ అంటారు. పెళ్ళిలో ప్రవర విన్నవాళ్ళకు ఈ వరస వింతగా ఉండదు. మీరు ఆక్లాండ్ కొండను మీ కొండ అనకండి, అది ఇంకొకరి పూర్వీకుల సొత్తు. "నో ఈనిఅ అహౌ" అంటే నేను ఇండియా నుంచి అని. గోదావరి ఒడ్డువాళ్ళైతే ఆ మాట ఇంగ్లీషులో చేర్చండి. చివర "కొ" అని మీ పేరు చెప్పి "తోకు ఇఙొఅ" అనండి. అంతే, కూర్చోవచ్చు. హకను (వాళ్ళ సంప్రదాయ నృత్యాన్ని) మాత్రం సరదాకి అనుకరించకండి, ఎంత చనువున్నా.

8. సాధన ఎక్కడ

తె అక అనే ఆన్‌లైన్ నిఘంటువులో చాలా మాటలకు ఉచ్చారణ వినవచ్చు. సెప్టెంబరులో మావోరి భాషా వారం వస్తుంది. ఆ వారం కొట్లలో, ఆఫీసుల్లో అందరూ తప్పో ఒప్పో పలుకుతుంటారు, మీరూ మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి సమయం లేదు. అది దాటిపోతే జూన్, జులైలో మతరికి ఉంది, వాళ్ళ కొత్త సంవత్సరం. 2022 నుంచి దేశమంతా సెలవు. ఆ రోజుల్లో తెల్లవారకముందు దుప్పటి కప్పుకుని బయటికి రండి, చలి గట్టిగానే ఉంటుంది. తూర్పున కనిపించే ఆ నక్షత్రాల గుంపు మన కృత్తికలే. పల్లెల్లో పిల్లలకోడి అంటారు. వాళ్ళ కథల్లో ఒకదాంట్లో మతరికి తల్లి, చుట్టూ ఉన్నవి కూతుళ్ళు. పక్కింటివాళ్ళు కూడా బయటికి వచ్చి ఉంటే "మానవతిఅ అ మతరికి" అనండి.